డెవాప్స్ జట్టులో మనోళ్లు ఎందుకుండాలి?



మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. హాస్టల్లో ఈమధ్య డెవాప్స్ గురించి చదువుతున్నాం. అది ఒక సాఫ్ట్‌వేర్ కాదు, పనిచేసే పద్ధతి.

ఇంతకుముందు కోడ్ రాసేవాళ్లు ఒక జట్టు, సర్వర్లు నడిపేవాళ్లు ఇంకో జట్టు. వాళ్లకేమో కొత్త మార్పులు కావాలి, వీళ్లకేమో ఏదీ ఆగకూడదు. చెడిపోతే తప్పు మీదంటే మీదని గొడవ. ఇద్దరూ కలిస్తే రోజుకు పదికి పైగా మార్పులు వదలొచ్చని 2009లో ఫ్లికర్ ఇంజనీర్లు ఓ సభలో చెప్పారు. అదే ఏడాది బెల్జియంలోని గెంట్‌లో పాట్రిక్ దెబ్వా పెట్టిన సభతో డెవాప్స్ పేరు పాకింది. మార్పు చిన్నదిగా వదలాలి, లాగ్‌లు చూస్తుండాలి, చెడితే వెంటనే వెనక్కి తీసుకోవాలి.

అయితే లాగ్‌లో అన్నీ కనిపించవు. సిగ్నల్ కోసం గుట్టెక్కి స్కాలర్‌షిప్ ఫారం నింపే చెల్లికి ఓటీపీ వచ్చేసరికి టైం అయిపోతుంది. సర్వర్ లెక్కలో మాత్రం ఓటీపీ పంపేశారు, అంతా బాగున్నట్టే. ఆమె విసిగి గుట్ట దిగిపోయిందని ఎవరికి తెలుస్తుంది? ఫారం ఆగితే ఫీజు ఆగుతుంది, ఆ తర్వాత చదువే ఆగుతుంది.

ఆ గుట్ట తెలిసినోళ్లు ఆ జట్టులో ఉండాలి. అంటే మనమే. లినక్స్, గిట్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. మేం మొదలుపెట్టాం, మీరూ రండి.