రైతుకు రిటైర్మెంటు ఎప్పుడు?

"నలభై అయిదేళ్ళకల్లా రిటైరై హాయిగా బతకాలి." ఈ మాట యీమధ్య మన హాస్టలు గదుల్లో తరచుగా వినబడుతోంది. డిగ్రీ ఇంకా చేతికి రాలేదు, ఉద్యోగం సంగతి దేవుడెరుగు, అప్పుడే రిటైర్మెంటు లెక్కలు! వినేవారికి నవ్వు రావచ్చు గాని, నిజానికి నవ్వవలసిన విషయం కాదు. ముసలితనంలో ఒకరి చేతికింద బతక్కూడదనుకోవడం మంచి కోరికే. అయితే ఈ లెక్కలు వేసే మనలో చాలామందిమి మిరప, పత్తి చేల నుంచి వచ్చినవాళ్ళం. పని మానవలసిన వయస్సుకు దగ్గరపడుతున్న మనిషి మన ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు. ఆయన లెక్క ఎవరు వేశారు?

సర్కారు ఉద్యోగికి ఆ లెక్క ప్రభుత్వమే వేస్తుంది. మన రాష్ట్రంలో 1983లో పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించారు. పెద్ద గొడవే జరిగింది, తర్వాత మళ్ళీ 58 చేశారు. 2014లో అది 60, 2022లో 62 అయింది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను పోయి, జీతంలోంచి నెలనెలా కోసి దాచే పద్ధతి వచ్చింది. ఏదేమైనా వారికి ఒక తేదీ అంటూ ఉంది. ఆ రోజు దండ వేసి, శాలువా కప్పి, ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. రైతుకు అలాంటి తేదీ ఏదీ లేదు. ఒళ్ళు మొరాయించిన రోజే ఆయన రిటైర్మెంటు.

మా తాత సంగతి చూడండి. సాగర్ కాలవ నీళ్ళు వచ్చాక మా వైపు నల్లరేగళ్ళలో పత్తిని తెల్ల బంగారమన్నారు. 1980లలో తెల్లదోమ వచ్చిపడింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పెద్దలందరికీ జ్ఞాపకమే. మా తాత ఒక ఎకరం అమ్మి అప్పు తీర్చి బయటపడ్డాడు. ముసలితనంలో కూర్చుని తినవలసింది ఆ ఎకరం మీదనే. అది పోయింది గనుక, డెబ్భై దాటినా చేలోకి పోతూనే ఉన్నాడు.

ఇప్పుడు మా నాయనకు యాభై రెండు. నాలుగెకరాల సొంత పొలం, అందులో రెండు మిరప, రెండు పత్తి. మందు ట్యాంకు వీపున వేసుకుంటే సాయంత్రానికి నడుం లేవదు. పంట చూద్దామా, 2021-22లో కొత్త రకం తామరపురుగు మిరప పూతను తినేసింది. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటింది. ఆ డబ్బుతో మా అక్క పెళ్ళి చేశాం. 2025 ఫిబ్రవరికి ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. ఉంటే ఉగాది, లేకపోతే శివరాత్రి అన్నట్టుంది మా యవ్వారం.

మన మిత్రులు చెప్పే "ఏడాది ఖర్చుకు ఇరవై అయిదు రెట్లు" అనే సూత్రం అమెరికాది. 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర చూసి, మొదటి ఏడాది నూటికి నాలుగు వంతున తీసుకుని, ఆపైన ధరలతోపాటు పెంచుకుంటూ పోతే సొమ్ము ముప్ఫయ్యేళ్ళయినా వస్తుందని లెక్కగట్టాడు. నలభై అయిదుకే మానేసేవాడికి ముప్ఫయ్యేళ్ళు చాలవు. ఇక మా నాయనకు షేర్లు లేవు, పొలం ఉంది. మా ఊళ్ళో కౌలు ఎకరానికి పాతికవేలు. నాలుగెకరాలూ కౌలుకిస్తే ఏడాదికి లక్ష. అమ్మ గేదె పాడి గూడా ఉంది గనుక ఇద్దరికీ తిండికి లోటు రాదు. మరి ఎందుకు మానడు?

అప్పు! మూడు లక్షలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 72,000. వచ్చే లక్షలో మిగిలేది 28,000. అసలు అలాగే ఉంటుంది. వడ్డీ కట్టకపోతే మూడేళ్ళకొకసారి నోటు తిరగరాస్తారు. లక్ష కాస్తా 1,72,000 అవుతుంది. ఆరేళ్ళకు 2,95,840. అదే లక్ష పోస్టాఫీసు పి.పి.ఎఫ్.లో 7.1 శాతానికి వేస్తే రెట్టింపు కావడానికే పదేళ్ళు పడుతుంది. కాబట్టి అప్పున్న ఇంట్లో ముందు పొదుపు కాదు, ముందు నోటు చింపించడం. దాన్ని మించిన రాబడి ఇచ్చే పథకం ఏ బ్యాంకులోనూ లేదు.

పింఛను పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2019లో చిన్న రైతుల కోసం కేంద్రం మాన్‌ధన్ యోజన పెట్టింది. నెలకు వయస్సునుబట్టి 55 నుంచి 200 రూపాయలు కడితే అరవై తర్వాత నెలకు 3,000. కాని చేరే వయస్సు 18 నుంచి 40. అది వచ్చేసరికి మా నాయనకు నలభై దాటాయి. నా వయస్సువాడు చేరవచ్చు. అయితే ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే, నలభై ఏళ్ళ తర్వాత ఆ మూడు వేలకు ఇప్పటి మూడు వందల విలువ గూడా ఉండదు. వద్దనను, దాని మీదనే ఆధారపడవద్దంటాను.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి మా నాయనకు చూపించాను. చాలాసేపు చూశాడు. "లెక్క బాగానే ఉందిరా. కాని పొలం వదిలి అరుగు మీద కూర్చున్నోడి మాట ఇంట్లో ఎవడు వింటాడు?" అన్నాడు. దీనికి మన సూత్రాల్లో జవాబు లేదు. బిడ్డల పేర పొలం రాసిచ్చి, తర్వాత మందుబిళ్ళలకు గూడా చెయ్యి చాపిన పెద్దలు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆయన భయం వట్టిది కాదు.

అందుకని ఇద్దరం కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. పొలం ఆయన బతికినన్నాళ్ళూ ఆయన పేరనే ఉంటుంది. నాకు ఉద్యోగం రాగానే నా మొదటి మిగులంతా ఆ నోటుకే పోతుంది. ఆ మూడు లక్షల్లో నా ఫీజులు గూడా ఉన్నాయి గదా! ఎమ్మెస్సీ సంగతి ఆ తర్వాత చూసుకుంటాను. అప్పు తీరిన ఏడు మూడెకరాలు కౌలుకిచ్చి, ఒక ఎకరం ఆయన ఉంచుకుంటాడు. అందులో మందు కొట్టే పని లేకుండా జొన్నో, గేదెకు పచ్చిమేతో వేసుకుంటాడు. యాభై ఎనిమిదికల్లా ఇది జరగాలని మా ఆశ.

మిత్రులారా! నలభై అయిదుకు మనం ఏమవుతామో తర్వాత ఆలోచిద్దాం. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక నిదానంగా కూర్చుని, ఇంట్లో అప్పెంత, వడ్డీ ఎంత, నోటు ఎప్పుడు తిరగరాయాలి అని అడగండి. మొదట కసురుకుంటారు. అయినా అడగండి.