తోడు పెరుగు

ఆచారమును కాపాడుటయనగా తలుపు మూసికొనుటయే యని మనలో ననేకులు తలచుచున్నారు. బల్గేరియాదేశపు రిలా పర్వతములలో చలికాలపు సెలవులు గడపి, యచ్చటి భోజనమును చవిచూచిన పిదప, ఈ తలంపునందలి లోపము మాకు తేటపడినది.

ఆ పర్వతములలోని ముసాలా శిఖరము 2,925 మీటర్ల యెత్తుతో బాల్కను ద్వీపకల్పమున కెల్ల నున్నతమైనది. అందలి మంచులో తిరుగువారు పాదములకు స్కీలనెడు పొడవైన బద్దలు తగిలించుకొందురు. ఎక్కునపుడు వెనుకకు జారకుండ వాని యడుగున నూగుపట్టీలంటింతురు. దిగునపుడు వానిని తీసివైచి జారిపోవుదురు. దినమంతయు నిట్లు శ్రమించినవారి యాకలి యెట్టిదో చదువరు లూహింపగలరు.

సాయంకాలమున కొండసత్రమందు మాకు మూడు పదార్థములు వడ్డించిరి. బీన్సుగింజలతో నుల్లిపాయలును పుదీనాజాతి యాకును చేర్చి కాచిన ‘బోబ్ చోర్బా’ యను చారు మొదటిది. పలుచని పిండిపొరల నడుమ గ్రుడ్లును, ఉప్పునీట నూరిన తెల్లని జున్నును పెట్టి కాల్చిన ‘బానిత్స’ రెండవది. మూడవది గిన్నెనిండ గడ్డపెరుగు.

మాతో వచ్చిన యొక యువకుడు వీనిని ముట్టక, యింటనుండి తెచ్చిన యటుకులు తీసెను. పరుల వంట తినవలదని తల్లి యాతనిచేత మాట తీసికొనియుండెను. సత్రము నడపు నిల్లాలు కారణమడిగి, నొచ్చుకొనక, పెరుగు తానే తోడుపెట్టితిననియు, గోరువెచ్చని పాలలో నిన్నటి పెరుగొక చెంచాడు కలిపి గుడ్డ చుట్టి యుంచితిననియు, తోడు లేనినాడు పొరుగింట నడుగుదుననియు చెప్పెను. ఆతడు వెంటనే తల్లితో టెలిఫోనున మాటలాడెను. ఆమె క్షణకాల మూరకుండి, “మన యింటి పెరుగునకును తోడు పొరుగింటిదే గదా నాయనా! తిను” అనెను. ఆ రాత్రి యాతడు రెండు గిన్నెల పెరుగు తినెను. ఆతని యటుకులను మేమును ఆ యిల్లాలును పంచుకొంటిమి.

బల్గేరియావారి పెరుగునందలి సూక్ష్మజీవిని స్టామెన్ గ్రిగొరోవ్ అను ఆ దేశపు విద్యార్థి 1905లో జెనీవానగరమున కనుగొనెను. దానికి వారి దేశముపేరే పెట్టబడినది. అంతగా తమదైన దానిని గూడ వారు దాచుకొనలేదు. వారి చారులోని బీన్సుగింజలును, మన పచ్చళ్లలోని మిరపకాయలును 1492 తరువాత అమెరికానుండి సముద్రము దాటి వచ్చినవే. నేడు వానిని పరదేశపువని వారైనను మనమైనను వెలివేయుదుమా?

తోడిచ్చినంతమాత్రమున మన గిన్నె వట్టిపోదు. మన యింట పాలు విరిగిననాడు, మనమిచ్చిన తోడే పొరుగింటినుండి మరల మన గిన్నెకు వచ్చును. ఆచారమును నట్టిదే.