మా గల్లీయు, మా గుండెయు

గుండెజబ్బు మగవారికి మాత్రమే వచ్చు జబ్బనియు, అందును కూర్చుండి తిను ధనికులకే వచ్చుననియు మేమును చిరకాలము నమ్మియుంటిమి. మూడేండ్ల క్రిందట మా వదినెగారి మూలమున ఆ నమ్మకము చెడినది.

మా కాపురము హైదరాబాదు పాతనగరమున, లాల్‌దర్వాజా గల్లీలలో. ఆ రాత్రి వదినెగారు వీపు లాగుచున్నదనియు, ఊపిరి యాడుట లేదనియు చెప్పి చెమటతో తడిసిపోయిరి. రొమ్మున నొప్పి లేదు. వాయువని తలచి మేము వాము నమలనిచ్చితిమి. తెల్లవారిన పిదప ఆసుపత్రికి గొనిపోగా గుండెపోటని తేలెను. స్త్రీలయందది పలుమారులు ఆయాసముగను, వికారముగను, వీపు దవడల నొప్పిగను గూడ కానవచ్చునట. ఆలస్యము చేయక రావలసినదని వైద్యుడు చెప్పినప్పుడు మేము తలయెత్తలేకపోతిమి. ఆ వాము సంగతి నేటికిని మరపునకు రాదు.

ఆమె బ్రదికిరి. ఇంటికి పంపునప్పుడు వైద్యుడు, కూరలు పండ్లు హెచ్చుగా తినుడనియు, మెల్లగా మొదలుపెట్టి దినమున కరగంట నడువుడనియు చెప్పెను. వినుట కెంత సులభము! ఇల్లు చేరి చూచుకొందుము గదా, ఆ రెండును మా గల్లీలో దొరకునవి కావు.

గుమ్మమునుండి నూరడుగులలోపల నేమేమి యున్నవో యొకనాడు లెక్కించితిమి. బేకరీలు రెండు, చాయ్ హోటలొకటి, మిర్చిబజ్జీల బండ్లు మూడు. ఉదయము మూకుట పోసిన నూనె సాయంకాలమునకు నల్లబడియు మరుగుచునే యుండును. కూరల తోపుడుబండి వచ్చిన వచ్చినట్లు, లేకున్న లేనట్లు. తాజాకూరలు కావలెనన్న చార్మినారు దాటి మీరాలం మండికి పోవలెను. ఉస్మానియా బిస్కత్తుపై మాకు ద్వేషము లేదు సుమా! చాయ్‌లో ముంచి తినని హైదరాబాదువారెవరు? కాని గుమ్మములో చిల్లరకు దొరకుదానికిని, ఆటోకూలి యిచ్చి తెచ్చుకొనవలసినదానికిని పోటీ యెక్కడిది?

నడక మాట యింకను కష్టము. మేము కోడలిగా వచ్చిననాడు ఈ యింట పెద్ద ముంగిలి, చేదబావి, రోలు, తిరుగలి యుండెను. వాటాలు పడి ముంగిలి మూడు గదులైనది, బావి పూడినది, పిండి సంచులలో వచ్చుచున్నది. ఆ శ్రమ తప్పినందుకు వగవము, చేదత్రాడు మా యరచేతులనే కోసినది గదా! కాని కదలుటకున్న చోటును దానితోడనే పోయినది. గల్లీలో మోటారుసైకిళ్ళ రద్దీ. పనిలేక ఆడుది నడచిన “ఎక్కడికమ్మా?” యని యడుగువారే.

52 దేశములలో జరిగి 2004లో వెలువడిన యొక పరిశోధనలో, స్త్రీల తొలి గుండెపోటు అపాయమున నూటికి 94 పాళ్ళు తొమ్మిది కారణములకే చెందునని తేలెను. పొగాకు, రక్తపోటు, మధుమేహము మున్నగువానితో బాటు పండ్లు కూరలు తినకుండుటయు, వ్యాయామము లేమియు అందున్నవి. మా నగరపు చుట్టుపట్ల 29 గ్రామములలో 1987లో మొదలైన పోషకాహార పరీక్షయందలి బిడ్డలు పెద్దవారైన పిదప, పరిశోధకులు మరల పోయి వారి రక్తపోటును చూచుటయేగాక ఊరి యంగళ్ళను గూడ లెక్క వ్రాసికొనిరట. మా లెక్క వెర్రిలెక్క కాదని యది వినినప్పుడు కొంత ధైర్యము కలిగినది.

పొరుగింటి బీబీగారికిని రక్తపోటే. ఇప్పుడు మా మూడిండ్లవారము కలిసి వారమునకు రెండుమార్లు ఒకే ఆటోలో మండికి పోయి వచ్చుచున్నాము, కూలి మూడుపాళ్ళగును. తెల్లవారుజామున ఆమె నమాజు, మా ముగ్గులు ముగిసిన పిమ్మట ముగ్గురము చార్మినారు త్రోవ పట్టుదుము. అంగళ్ళు మూసియుండును, త్రోవ మాదే. ముగ్గురము కలిసియుండుటచే అడుగువారును లేరు.

మొన్న వదినెగారు మొదటిసారి మక్కామసీదు వరకు ఆగక నడిచిరి. అక్కడ క్షణము నిలిచి, “ఇక మరలుదము, బేకరీవాడు తలుపు తీయకముందే యిల్లు చేరవలెను” అని నవ్విరి.