చూసేవాళ్ల కోసం ఒక కన్ను

నా ఎడమ కన్ను నేను చూడ్డానికి పెట్టించుకున్నది కాదు, నన్ను చూసేవాళ్ల కోసం పెట్టించుకున్నది. నాకైతే ఉన్న ఒక్కటీ చాలు. రెండుండాలన్న పట్టుదల ఎదుటివాళ్లదే.

చిన్నప్పుడు కర్రాబిళ్ల ఆటలో బిళ్ల ఎగిరొచ్చి తగిలింది, కన్ను పోయింది. ఆ కథ అంతే. కొత్తలో దూరాలు అందేవి కావు. గ్లాసులో పోయబోయిన నీళ్లు బల్లమీద పడేవి. చెంబు మూతిని గ్లాసు అంచుకు ఆనించి పోయడం అమ్మ నేర్పింది. మెట్టు దిగేటప్పుడు ముందు పాదంతో తడుముకునేవాణ్ణి. పోనుపోను నీడలను బట్టీ, తల కదిపితే వస్తువులు జరిగే తీరును బట్టీ మెదడే లెక్క కట్టుకుంది. క్రికెటర్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీకి 1961లో ఇంగ్లండులో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది. ఆ ఏడాది చివర్లోనే భారత జట్టులో ఆడాడు, మరుసటి ఏడు 21 ఏళ్లకే కెప్టెనయ్యాడు. ఆయన ఎదుర్కొన్న బంతుల ముందు నా చెంబు ఏపాటి!

నా పెట్టుడు కంటిని గాజు కన్నంటారు గానీ ఇందులో గాజు పిసరంతైనా లేదు. పూర్వం జర్మనీలోని లౌషా ఊళ్లో గాజు ఊది చేసిన కళ్లకు పెద్ద పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరుకు అందక, అమెరికా సైన్యంలో పళ్లు కట్టేవాళ్లు కట్టుడుపళ్ల అక్రిలిక్‌తోనే కళ్లు చేశారు. అలా నా కంటికీ తాతయ్య పళ్లసెట్టుకీ చుట్టరికం కలిసింది.

ఇది గోళీలా గుండ్రంగానూ ఉండదు. పోయిన గుడ్డు చోట డాక్టర్లు లోపల ఒక బంతి అమరుస్తారు. పుండు మానాక దానిమీద, రెప్పల కింద కూర్చునే వంపు బిళ్ల ఇది. కాబట్టే కాస్త అటూ ఇటూ తిరుగుతుంది. చేసేవాడు నా కుడికంటిని చూస్తూ నల్లగుడ్డుకు రంగులు దిద్దాడు, నరాల కోసం ఎర్రటి సన్నని పోగులు పరిచాడు. పాప మాత్రం ఎండకు ముడుచుకోదు, చీకటికి విచ్చుకోదు.

మన పురాణాల్లో ఒంటికంటికి మర్యాద తక్కువ. శుక్రాచార్యుడికీ కాకాసురుడికీ అది శిక్ష. తిన్నడొక్కడే కన్నిచ్చి శ్రీకాళహస్తిలో కన్నప్పయ్యాడు. మా వీధి పెద్దావిడ ఊరికి బయల్దేరుతూ నేను ఎదురైతే వెనక్కెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేది. పెట్టుడు కన్ను వచ్చాక ఆవిడే, “కాస్త ఎదురు రారా నాయనా” అని పిలిచింది. నా చూపు మారలేదు, ఆవిడ శకునం మారింది.

ప్రభుత్వానిది ఇంకో లెక్క. ఒక కన్ను బాగుండి రెండోది పూర్తిగా పోతే 30 శాతం వైకల్యం. రిజర్వేషన్‌కు 40 కావాలి. శకునానికి నూటికి నూరు పనికొచ్చినవాణ్ణి అక్కడ పది మార్కులతో తప్పాను.

పెట్టుడు కంటిని స్పిరిట్‌తో తుడవకూడదు, పగుళ్లిస్తుంది. ఏడాదికోసారి పాలిష్ పట్టించాలి. వీటికన్నా ముఖ్యం మిగిలిన కన్ను. పవర్ లేకపోయినా పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకోండి, దీపావళి రోజున మరీనూ.

ఎడమపక్క నుంచి నవ్వి పలకరిస్తే నాకు కనబడదు, పలకను. పొగరని పేరు పెట్టకుండా, కాస్త ఇటు కుడివైపుకొచ్చి పిలవండి.