ట్యాంకరు తోలే ఇల్లాలి దిగులు

మా కొనకనమిట్ల వైపు ఎండాకాలం వచ్చిందంటే ఆడవాళ్ళ చెవులన్నీ ట్రాక్టరు చప్పుడు మీదే. బోర్లు ఎండిపోతాయి, ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు. ట్యాంకరొస్తేనే పొయ్యి మీదికి ఎసరు. ఆ ట్యాంకరు తోలేది మా ఆయనే. అందరికీ నీళ్ళ దిగులైతే, నాకు మనిషి దిగులు!

అయిదు వేల లీటర్లంటే నీళ్ళ బరువే 5 టన్నులు. ట్రాక్టరేమో రెండు టన్నులకు అటూ ఇటూ. చాలా ట్యాంకర్లకు విడిగా బ్రేకులుండవు. లాగడం కంటే ఆపడమే కష్టం. డీజిలు మిగులుతుందని పల్లంలో న్యూట్రలు చేస్తే వెనక బరువు ముందుకు తోసేస్తుంది. చిన్న గేరులో, ఇంజను పట్టు మీదే దిగాలి. సగం నిండిన ట్యాంకరు మరీ గడుసుది. మలుపులో నీళ్ళు ఊగి బండిని పక్కకు లాగుతాయి.

అందుకే బయల్దేరేముందు "పిన్నూ, గొలుసూ చూసుకున్నారా?" అని అడుగుతాను. "నువ్వేమన్నా ఆర్టీవోవా?" అని నవ్వుతారు. చూడడం మాత్రం మానరు.

మనకూ ఒక మాట. పెళ్ళికనీ, పత్తి తీతకనీ ట్రక్కెక్కేస్తాం. అది సరుకుల కోసం చేసింది, మనుషుల కోసం కాదు. పిల్లల్ని మడ్‌గార్డు మీద అసలే కూర్చోబెట్టకండి. గంట ఆలస్యమైనా బస్సుకే వెళ్దాం, అక్కయ్యలూ!