మేము విన్న మూడు స్పీకర్లు

మా చిన్నప్పుడు స్పీకర్ అనే మాట మాకు తెలియదు. మైకు అనేవాళ్ళం. కేస్లాపూర్ నాగోబా జాతరకు ఎడ్లబండి మీద పోతుంటే, గుడి కనబడకముందే చేన్ల మీదుగా మైకు వినబడేది. అది వినగానే బండి నడిపే తాతను తొందర పెట్టేవాళ్ళం. పుష్య అమావాస్య చలిలో, చెట్టు కొమ్మకు కట్టిన గొట్టాల్లోంచి తప్పిపోయిన పిల్లల పేర్లు వచ్చేవి. గోండిలో ఒకసారి, మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

ఒక ఏడు మాలో ఒకడు తప్పిపోయాడు. వాడి పేరు, వాళ్ళ బాపు పేరు, మా గూడెం పేరు మైకులో చెప్పారు. వాడు ఏడుస్తూనే తన పేరు విని ఆగిపోయాడట. ఆ తర్వాత ఏడాదంతా ఆశ్రమ పాఠశాలలో మాకు అదే చెప్పాడు: “జాతర మొత్తం నా పేరు విన్నది.”

ఆ గొట్టం మాటను దూరం మోయడానికి చేసినది. మనిషి చెవి దాదాపు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. గొట్టంలోంచి అందులో మధ్య భాగమే బాగా వస్తుంది. మాట అర్థం కావడానికి అది చాలు. డోలు అడుగున మోగే దరువు, గజ్జెల సన్నని చప్పుడు అందులో సరిగా పలకవు. మైకులో వచ్చే పెప్రె ఎప్పుడూ జలుబు చేసినవాడు ఊదినట్టే ఎందుకుండేదో మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అయినా మేము బతుకులో మొదట విన్న పెద్ద గొంతు అదే. దాని మీద మాకు ఇప్పటికీ ప్రేమే.

రెండోది మేమే ఇంటింటికీ తిరిగి డబ్బులు పోగేసి తెచ్చుకున్నది. దండారి రోజులు. ట్రాక్టరు ట్రాలీ మీద మనిషెత్తు పెట్టెలు, జనరేటరు, రంగు లైట్లు. డీజే కుర్రాడు మొదటి పాట వేయగానే ఎవరో లోపలి నుంచి ఛాతీ మీద గుద్దినట్టయింది. రేకుల కప్పులు అదిరాయి. కొట్టంలో ఎడ్లు పలుపులు గుంజుకున్నాయి. అబద్ధం ఎందుకు, మాకు చాలా నచ్చింది. అంత బేస్ మేము ఎప్పుడూ వినలేదు. పెట్టెల ముందరే నిలబడి ఆడాం.

పొద్దుగూకాక పక్క గూడెం దండారి బృందం వచ్చింది. వాళ్ళను ఎదురేగి పిలుచుకోవాలి, కాళ్ళకు నీళ్ళివ్వాలి, మన వాద్యాలు వాళ్ళ వాద్యాలు కలవాలి. వాళ్ళ గుస్సాడీలు నెమలీకల టోపీలతో ముందు నిలబడ్డారు. పెప్రె ఊదే ఆయన బుగ్గలు పొంగుతున్నాయి, చప్పుడు వినబడటం లేదు. తుడుం కొట్టే కర్ర లేస్తోంది, పడుతోంది, మోత లేదు. గుస్సాడీలు దరువు వినలేక వాద్యగాళ్ళ చేతులు చూస్తూ అడుగు వేయబోయి ఆగిపోయారు. పెద్దలు కేకలేసినా డీజే కుర్రాడికి వినబడలేదు. మాలో ఎవరమైనా పోయి జనరేటరు ఆపవచ్చు. ఎవరమూ పోలేదు. ఈ పాట అయిపోనీ అనుకున్నాం. ఆ పాట వెనుక ఇంకో పాట వచ్చింది.

వాళ్ళు కొంచెంసేపు కూర్చుని, అన్నం తిని, రామ్ రామ్ చెప్పి వెళ్ళిపోయారు. ఆడకుండానే పోయారు. ఒక్కరూ కోపంగా ఒక్క మాట అనలేదు. మాకు అదే ఎక్కువ సిగ్గనిపించింది. మూడు రోజులు చెవుల్లో కీచుమనే మోత పోలేదు.

మూడోది వినడానికి ముందు ఒక పాట సంగతి చెప్పాలి. మా గోత్రం కథను తరతరాలుగా ప్రధాన్లే పాడతారు. మా ఇళ్ళకు వచ్చే ప్రధాన్ తాత కిక్రి పట్టుకుంటే రాత్రి రాత్రంతా కథ నడిచేది. ఆయన కళ్ళు మసకబారాక, మాలో డిగ్రీ చదివే ఒకడు తన కాలేజీ నుంచి చిన్న రికార్డరు అడిగి తెచ్చాడు. దానికి రెండు పక్కలా రెండు మైకులు ఉన్నాయి. చలికాలం ఒక రాత్రి తాత ఇంట్లోనే, బోర్లించిన గంప మీద గుడ్డ పరిచి దాన్ని పెట్టాం. తాత మధ్యలో కూర్చున్నాడు. వంత పాడే మనవడు ఎడమ పక్కన. కుడి పక్కన పొయ్యి.

తర్వాతి వానాకాలంలో తాత పోయాడు. మేము ఆ రికార్డింగును ఫోన్లో పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాం. ఫోన్లో తాత గొంతు ఈగ మోతలా ఉండేది. కిక్రి అసలు తీగలా కాక రేకు గీకినట్టు వచ్చేది. మూడు చోట్ల మాట అందలేదు. చుక్కలు పెట్టి వదిలేశాం. మనవణ్ణి అడిగితే, “తాత అందిస్తే నేను ఎత్తుకునేవాణ్ణి అన్నా, ఆ మాటలు నాకూ రావు” అన్నాడు.

మా సీనియర్ ఒకాయన హైదరాబాదులో ఒక రికార్డింగు స్టూడియోలో పని చేస్తాడు. మేము ఏదో పరీక్షకు వెళ్ళినప్పుడు ఆయన దగ్గర దిగాం. రాత్రి స్టూడియో ఖాళీ అయ్యాక లోపలికి తీసుకెళ్ళాడు. గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గది. బల్లకు అటూ ఇటూ రెండు పెట్టెలు, ఒక్కోటి బియ్యం డబ్బా అంత. డీజే చూసిన కళ్ళకు అవి ఆటబొమ్మల్లా కనబడ్డాయి. ఆయన కుర్చీని కొలిచినట్టు జరిపి, “రెండు పెట్టెల మధ్య ఎంత దూరమో, నీకూ వాటికీ అంతే దూరం ఉండాలి. చెవుల ఎత్తులో ఉండాలి. ఇప్పుడు మాట్లాడకు” అన్నాడు.

ముందు నిశ్శబ్దం వచ్చింది. అది ఉత్త నిశ్శబ్దం కాదు, తాత ఇంట్లోని నిశ్శబ్దం. తర్వాత తాత ఊపిరి పీల్చుకున్నాడు. కిక్రి మీద గుర్రపు వెంట్రుకల కమాను ఆనింది, తీగ ఇంకా పలకకముందే ఆ రాపిడి వినబడింది. గొంతు రెండు పెట్టెల నడుమ నుంచి వచ్చింది. అక్కడ ఏ పెట్టే లేదు, ఉత్త గోడ. మనవడి వంత ఎడమ నుంచి. కుడి పక్కన కట్టెల చిటపట. మాలో ఒకడు లేచి గోడ దగ్గరికి పోయి చేత్తో తడిమి చూశాడు. ఎవరూ నవ్వలేదు.

రెండు చెవులకు రెండు దారుల్లో శబ్దం అందిస్తే మనసు దాని చోటును పోల్చుకుంటుందని సీనియర్ చెప్పాడు. ఇంగ్లండులో అలన్ బ్లుమ్‌లైన్ అనే ఇంజనీరు 1931లోనే దీనికి పేటెంటు కోరాడట. స్పీకరు సంగతి ఇంకా పాతది. అయస్కాంతం నడుమ తీగచుట్ట, దానికి అంటించిన గరాటు, ఆ గరాటు ముందుకూ వెనక్కూ కదిలి గాలిని నెట్టడం. అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో వివరించిన ఆ పద్ధతే డీజే పెట్టెలోనూ ఉంది, ఆ చిన్న పెట్టెలోనూ ఉంది. ఒకటి మైదానం నింపడానికి, ఇంకొకటి ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి.

ఆ రాత్రి నోట్‌బుక్ తీశాం. మూడు ఖాళీల్లో రెండు నిండాయి. ఒకటి వాగు పేరు, ఒకటి ఆడమనిషి పేరు. మూడో చోట తాత మొహం పక్కకు తిప్పినట్టున్నాడు, ఎన్నిసార్లు విన్నా అందలేదు.

పొద్దున సీనియర్, “కుడి పక్కన ఏదో ఉఫ్ ఉఫ్ అని గాలి మోత ఉంది, తీసేయనా? శుభ్రంగా వస్తుంది” అన్నాడు. సరే అనబోయాం. ఎందుకో, రెండు రకాలుగానూ ఉంచమన్నాం.

గూడెం వచ్చాక బడి సారును అడిగి, ఒక టీచరు ఇంటి నుంచి రెండు మామూలు పెట్టెలు తెచ్చి తరగతి గదిలో పెట్టాం. కిటికీలకు దుప్పట్లు కట్టాం, నేల మీద జంపఖానా పరిచాం. ముందు శుభ్రం చేయని రికార్డింగే వేశాం. పిల్లలు, పెద్దలు, ప్రధాన్ అవ్వ వచ్చి కూర్చున్నారు. తాత గొంతు రాగానే అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. కాసేపటికి ఆ గాలి మోత వచ్చింది. అవ్వ తల ఎత్తి, “ఆ రోజు కట్టెలు పచ్చివి. ఎంత ఊదినా అంటుకోలేదు” అంది.

మేము తీసేయించబోయింది అవ్వ ఊపిరి.

ఆ ఏడు దండారికి ముందు ఊరంతా కూర్చున్నాం. తుడుం మోగితే జనరేటరు ఆగాలి. డీజే ఉంటే ఒక్క సాయంత్రమే, అదీ పది లోపే. దేశమంతటికీ వర్తించే 2000 నాటి శబ్ద నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దనే అంటాయి. పక్క గూడేనికి పోయి తప్పయిందని చెప్పి బృందాన్ని మళ్ళీ పిలిచాం. వాళ్ళు వచ్చి తెల్లవార్లూ ఆడారు.

టీచర్లకు ఒక మాట. మీ బడిలో స్పీకర్లు ఉంటే ప్రార్థనకూ ప్రకటనలకూ మాత్రమే వాడకండి. పిల్లల తాతల పాటలు వాటిలో వినిపించండి, చిన్నగా, తలుపులు మూసి. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. పెట్టెల ముందు నిలబడి ఆడకండి. 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటల దాకా చెవి ఓర్చుకుంటుందంటారు, 100 దాటితే పావుగంట కూడా ఎక్కువే. రేపు మీ ఇంట్లో ఎవరైనా పాడితే వినడానికి ఆ చెవులే కావాలి.

మా నోట్‌బుక్ బడిలో ఉంది. మూడో చోట చుక్కలు అలాగే ఉన్నాయి. మీ వైపు ఏ ప్రధాన్ అయినా ఆ కథ పాడుతుంటే మాకు కబురు పెట్టండి. రికార్డరు తీసుకుని వస్తాం.