ఏ తూటా మంచిది?

మా జవహర్‌నగర్ నుంచి నుమాయిష్‌కి వెళ్ళడమంటే చిన్నప్పుడు ఏడాదికోసారి వచ్చే పండగ. అందరూ జెయింట్ వీల్ దగ్గరికి పరిగెడితే నేను బెలూన్లు కొట్టే తుపాకీ దగ్గర ఆగిపోయేవాణ్ణి. నాన్న ఇచ్చిన డబ్బులన్నీ అక్కడే అయిపోయేవి. తర్వాత చదువులు, ఉద్యోగాల్లో పడి మర్చిపోయా. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఆ పిచ్చి మళ్ళీ లేచింది. కొన్నేళ్ళకి ఉద్యోగం నన్ను ఆస్టిన్‌లో పడేశాక ఇంకాస్త ముదిరింది.

అక్కడో తిరకాసు ఉంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. కానీ గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అంటే కాగితాన్ని కాల్చాలన్నా ముందు కాగితం మీద వేటగాణ్ణి కావాలన్నమాట :) టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట లైసెన్సు కోసం ఒక కోర్సు కూడా చెయ్యాలి. చేశా.

మా టీములో ఉన్న టెక్సాస్ ఆయనకి ఈ సంగతి తెలిసి, "లైసెన్సు ఎలాగూ తీసుకున్నావు, మా వాళ్ళ పొలానికి రా, జింకల వేటకెళ్దాం" అన్నాడు. దాంతో నా సమస్య మారిపోయింది. వెయ్యి గజాల దూరంలో కాగితాన్నీ కొట్టాలి, జింకకీ పనికిరావాలి. కొనేది ఒక్కటే రైఫిల్. ఏ తూటా?

మనవాళ్ళకి ఇలాంటి ప్రశ్న దొరికితే ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. ఎక్సెల్ తెరిచా. 1906 నాటి థర్టీ-ఆట్-సిక్స్, 1925 నాటి 270 వించెస్టర్, 1952 నాటి 308 వించెస్టర్, 2007లో హోర్నడీ వాళ్ళు తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్... నెల రోజులు ఇదే గోల. చివరికి పోటీ 308కీ క్రీడ్‌మూర్‌కీ మిగిలింది. వంద గజాలకి గురి సరిచేసి వెయ్యి గజాలకి కాలిస్తే 308 బుల్లెట్ సుమారు 35 అడుగులు కిందికి జారుతుంది. క్రీడ్‌మూర్ సుమారు 27 అడుగులు. జారడం లెక్క కట్టొచ్చు, అసలు శత్రువు గాలి. క్రీడ్‌మూర్ బుల్లెట్ సన్నగా పొడవుగా ఉండి గాలిని బాగా కోస్తుంది కాబట్టి పక్కకి నెట్టబడడం దాదాపు మూడో వంతు తక్కువ. తన్నడం కూడా తక్కువే. 308కి ఉన్న బలం వేరు, బారెల్ ఎక్కువ రోజులు మన్నుతుంది. నా ఎక్సెల్‌లో మాత్రం క్రీడ్‌మూర్ గెలిచింది. ఆ తూటాకి జింకని పడగొట్టే శక్తి 600 గజాలు దాటినా మిగులుతుందని కూడా అందులోనే ఉంది.

ఆస్టిన్‌కి వాయవ్యంగా, లానో వైపు ఉంది ఆ పొలం. తెల్లవారాక ఎదురుగా లోయలో జింక కనబడింది. బైనాక్యులర్స్‌లో చూసి ఉలిక్కిపడ్డా. ఎర్రటి ఒంటి మీద తెల్ల చుక్కలు! మన చుక్కల జింక. 1932లో ఇండియా జింకల్ని టెక్సాస్‌కి తెచ్చి వదిలితే అవి ఆ కొండల్లో విపరీతంగా పెరిగాయట. అక్కడ వాటి వేటకి సీజన్ అంటూ లేదు, ఏడాది పొడవునా కొట్టొచ్చు. 2014లో తెలంగాణ రాష్ట్ర జంతువుగా ప్రకటించింది దాన్నే. ఇక్కడ దాన్ని కొడితే జైలు.

దూరం 430 గజాలు. యాప్ లెక్క చెప్పింది. నా దగ్గర గాలి లేదు. కాల్చా.

లోయలో గాలి ఉంది. గంటకి పది మైళ్ళ గాలి ఆ దూరంలో ఈ బుల్లెట్‌ని సుమారు పది అంగుళాలు నెడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుందంతే. దెబ్బ పొట్టలో తగిలింది. నాగజెముడు పొదల మధ్య నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ మూడు గంటలు తిరిగాం. దొరికేసరికి ఇంకా బతికే ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది. నా చేతులు ఆడలేదు. ఆయనే రెండో దెబ్బ కొట్టాడు. దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పా. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. తిడతారనుకున్నా. బాల్కనీలో కూర్చుని అంతా విని, "ఎంత దూరం నుంచి కొడితే పదికి పది తగుల్తయ్ రా నీకు?" అన్నారు.

"రేంజిలో అయితే 600 గజాల్లో కూడా..." అని మొదలెట్టా.

"రేంజిల కాదు. నాలుగు కాల్చి, అయిదోది సర్దుకునుడు కాదు. పొద్దున మొదటి గుండు. పది రోజులు, పది గుండ్లు. పదికి ఎన్ని?"

నా ఎక్సెల్‌లో ఆ కాలమ్ లేదు.

వెనక్కి వెళ్ళాక చేశా. ఎనిమిది అంగుళాల ఇనప పలక, మోకాలి మీద కూర్చుని, వెళ్ళిన రోజుకి ఒక్కో దూరంలో ఒకటే గుండు. పది రోజులకి లెక్క తేలింది. 300 గజాల్లో పదికి ఏడు. 200 గజాల్లో పదికి పది. అంటే నా హద్దు 200. ఆ దూరంలో నేను చెప్పిన నాలుగు తూటాల్లో ఏది కొట్టినా జింకకి తేడా తెలియదు. నేను నెల రోజులు పోల్చిందంతా కాగితం కోసం. జింక కోసం అడగాల్సిన ప్రశ్న నాన్న అడిగేదాకా నాకు తట్టలేదు. బెంచ్‌మార్క్ చూసి సర్వర్ కొని, లోడ్ టెస్టు చెయ్యకుండా ప్రొడక్షన్‌కి వెళ్ళినట్టు. కాకపోతే ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు.

ఈమధ్య ఒకరిద్దరు మనవాళ్ళు "ఏ తూటా మంచిది?" అని నన్ను అడిగారు. నా మట్టుకు నా జవాబు ఇది. ఎక్కువగా కాగితమే కాలిస్తే 6.5 క్రీడ్‌మూర్ తీసుకోండి. బారెల్ మన్నాలంటే 308. వేటకి కూడా వాడితే రెండు రకాల పెట్టెలు కొనండి. పోటీల బుల్లెట్ గురికి మంచిది గానీ లోపల సరిగ్గా విచ్చుకుంటుందన్న నమ్మకం లేదు. వేటకి విచ్చుకునే బుల్లెట్టే వాడాలి, దానికి గురి మళ్ళీ విడిగా సరిచేసుకోవాలి. ఇవన్నీ నేను ఆరోజు సరిగ్గానే చేశాను. సరైన తూటా, సరైన బుల్లెట్, తప్పు దూరం.

కాబట్టి తూటా సంగతి తర్వాత, ముందు ఆ పది రోజుల లెక్క తేల్చుకోండి.

నేను మళ్ళీ వేటకి వెళ్ళలేదు. వెళ్ళనని ఒట్టు కూడా పెట్టుకోలేదు. కాగితాన్ని మాత్రం కాలుస్తూనే ఉన్నా. దానికి తప్పు చోట తగిలితే ఇంకోటి అంటిస్తే సరిపోతుంది.